డిప్రెషన్ మాత్ర బ్రాండ్ నుంచి జనరిక్‌కి మార్చొచ్చా? మార్చేముందు షీటు వెనక ఏం చూడాలి

బొబ్బిలి దగ్గర పల్లె నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల అమ్మగారికి 58 ఏళ్లు. మూడేళ్లుగా డిప్రెషన్‌కి ఒక పేరున్న కంపెనీ ఎస్సిటలోప్రామ్ మాత్ర వాడుతున్నారు, ఇప్పుడు మనిషి బాగున్నారు. నెలనెలా మందుల ఖర్చు మోయలేక జన ఔషధి షాపులో దొరికే జనరిక్‌కి, అంటే అదే మందు పెద్ద బ్రాండ్ పేరు లేకుండా చౌకగా దొరికేదానికి, మారదామనుకుంటే బంధువుల్లో ఒకాయన అడ్డుపడ్డారట. "నేనూ అలాగే మార్చాను, వారం తిరక్కుండా నిద్ర పట్టడం మానేసింది, గుండె దడ మొదలైంది, మళ్లీ మొదటికొచ్చాను, ఆ చౌక మందు జోలికి పోవద్దు" అన్నారట. మార్చొచ్చా, మార్చకూడదా?

మార్చొచ్చు. అమ్మగారు నిలకడగా ఉన్నారు కాబట్టి, రాసిన డాక్టరుకి చెప్పి, అదే మందు, అదే పవర్, అదే రకం మాత్ర చూసుకుని, ఒక్కరోజు కూడా గ్యాప్ రాకుండా మారిస్తే భయపడాల్సింది దాదాపు ఏమీ ఉండదు. మీ బంధువు పడిన బాధ నిజమే అయుంటుంది, ఆయన లేనిది కల్పించి చెప్పారని నేను అనను. కానీ ఆ బాధ జనరిక్ వల్లే వచ్చిందంటే మాత్రం ఆయన షీట్లు రెండూ చూడనిదే నమ్మలేను. ఇలాంటి ఫిర్యాదులతో నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామందికి అసలు కారణం వేరే దొరికింది.

నేను డాక్టర్ని కాదు, ఫార్మసిస్టుని. మొదట రాజాంలో వేరేవాళ్ల షాపులో పనిచేశాను, తర్వాత విజయనగరంలో సొంతంగా మెడికల్ షాపు పెట్టుకున్నాను, మొత్తం 24 ఏళ్లు. మోతాదు మార్చడం, మందు ఆపడం డాక్టరు చూసుకోవాల్సిన పని, వాటి విషయంలో నా మాట పట్టుకుని ఏమీ చేయకండి. ఒక కంపెనీ మాత్ర బదులు ఇంకో కంపెనీది తెచ్చుకునేటప్పుడు పొరపాటు ఎక్కడ దొర్లుతుందో మాత్రం నాకు బాగా తెలుసు. ఒకసారి అది నా చేతుల మీదుగానే జరిగింది. అది కింద చెప్తాను.

ముందు "బ్రాండ్" అనే మాట సంగతి చూద్దాం. ఎస్సిటలోప్రామ్‌ని తయారుచేసి తెచ్చింది డెన్మార్క్‌లోని లుండ్‌బెక్ కంపెనీ. డిప్రెషన్‌కే వాడే ఫ్లూఓక్సెటిన్ ఎలీ లిల్లీ కంపెనీది, 1987లో అమెరికాలో ప్రొజాక్ పేరుతో అనుమతి వచ్చింది. అలాంటిదే ఇంకో మందు సెర్ట్రాలిన్ ఫైజర్‌ది. అమెరికాలో బ్రాండ్ నుంచి జనరిక్‌కి మారడమంటే ఈ అసలు కంపెనీ మాత్ర వదిలి ఇంకో కంపెనీది తీసుకోవడం. మన ఇచ్ఛాపురంలోనో సాలూరులోనో మందుల షాపుకెళ్లి అడిగితే ఇచ్చే బ్రాండ్లు చాలావరకు మన దేశపు కంపెనీలు తయారుచేసి తమ పేరు పెట్టుకుని అమ్మేవే. అంటే అవి కూడా జనరిక్కులే, కాకపోతే వాటికి ఒక ముద్దుపేరు ఉంది. మీ అమ్మగారు మూడేళ్లుగా వాడి కోలుకున్నది కూడా బహుశా అలాంటి జనరిక్‌తోనే. షీటు వెనక చూడండి, తయారుచేసినవారి పేరు ఒకటి, అమ్మేవారి పేరు ఇంకొకటి ఉంటే ఆ మాత్ర వేరే ఎవరి ఫ్యాక్టరీలోనో తయారైందని అర్థం. ఒకే ఫ్యాక్టరీ నాలుగైదు కంపెనీలకి మాత్రలు చేసి ఇవ్వడం ఈ వ్యాపారంలో మామూలే. కాబట్టి మీరు చేయబోయేది ఒక జనరిక్ నుంచి ఇంకో జనరిక్‌కి మారడం, అంతే.

మరి ధరలో అంత తేడా ఎందుకంటే, డాక్టర్ల చుట్టూ తిరిగే మెడికల్ రెప్రజెంటేటివ్‌ల జీతాలు, ప్రచారం, మధ్యలో హోల్‌సేల్ వాళ్ల, మాలాంటి రిటైల్ వాళ్ల మార్జిన్లు అన్నీ ఆ రేటులోనే కలిసి ఉంటాయి. 2008లో మొదలైన జన ఔషధి షాపుల్లో ఆ బరువు చాలా తక్కువ, అందుకే బ్రాండ్ల కంటే 50 నుంచి 80 శాతం దాకా తక్కువకి ఇవ్వగలుగుతున్నారు. ధర తక్కువ కాబట్టి లోపల మందు తక్కువ ఉంటుందని అనుకోనక్కర్లేదు.

"జనరిక్‌లో 80 శాతం మందే ఉంటుందట కదా" అని నన్ను చదువుకున్నవాళ్లు కూడా అడుగుతారు. ఆ 80 ఎక్కడిదంటే, కొత్త జనరిక్‌ని పరీక్షించేటప్పుడు కొంతమందికి అసలు మందూ జనరిక్కూ రెండూ వేర్వేరు సమయాల్లో ఇచ్చి, రక్తంలోకి ఎంత చేరింది, గరిష్ఠంగా ఎంతదాకా పెరిగింది అని కొలుస్తారు. అసలు మందు లెక్క 100 అనుకుంటే జనరిక్ లెక్క, అందులో ఉండే అనుమానపు అంచులతో సహా, 80కీ 125కీ మధ్య ఇమడాలి. అంచులు కూడా లోపలే ఉండాలంటే అసలు తేడా చాలా చిన్నదైతే తప్ప కుదరదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1996 నుంచి 2007 వరకు తన దగ్గరికొచ్చిన 2,070 పరీక్షలు కలిపి చూస్తే, రక్తంలోకి చేరిన మొత్తం మందులో సగటు తేడా 3.5 శాతం దగ్గర తేలింది. మన దేశంలో 2017 ఏప్రిల్‌లో నిబంధన మార్చి, నీళ్లలో సరిగా కరగని రకం మందులకి తయారీ లైసెన్సు అడిగేటప్పుడే ఈ పరీక్ష ఫలితాలు పెట్టాలన్నారు. అన్నీ సవ్యంగా ఉన్నాయని నేను చెప్పను. నాణ్యత తగ్గిన మందుల జాబితా కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ప్రతి నెలా ప్రకటిస్తుంది, అందులో ఊరూపేరూ తెలియని కంపెనీలవీ ఉంటాయి, పేరున్న బ్రాండ్లూ ఉంటాయి. ఖరీదు ఎక్కువైనంత మాత్రాన ఆ జాబితాలోకి రాదనే హామీ ఏమీ లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. డిప్రెషన్ మాత్ర మార్చాక వచ్చే తేడాల్లో నేను చూసినంతవరకు ఎక్కువ భాగం, ఒకే మందు ఉన్న మాత్రకీ రెండు మందులు కలిపిన మాత్రకీ మధ్య జరిగే తారుమారు వల్ల వస్తాయి.

మన జిల్లాల్లో ఎస్సిటలోప్రామ్ ఒక్కటే రాయడం కంటే దానితో క్లోనజెపామ్ కలిసిన మాత్ర రాయడం నేను చాలా చూశాను. ఎస్సిటలోప్రామ్ 10 ఎంజీ, క్లోనజెపామ్ 0.5 ఎంజీ కలిసి ఉండే మాత్ర అది. ఎస్సిటలోప్రామ్ పనిచేయడానికి వారాలు పడుతుంది, క్లోనజెపామ్ ఆ రాత్రికే నిద్ర పట్టిస్తుంది, అందుకని మొదట్లో కలిపి ఇస్తారు. కొన్ని వారాల తర్వాత మెల్లగా తీసేయాల్సింది. కానీ మనవాళ్లు మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లరు, పాత చీటీ పట్టుకుని షాపుకే వస్తారు, అలా ఏళ్ల తరబడి సాగిపోతుంది. ఒళ్లు దానికి అలవాటు పడిపోతుంది. అలాంటి మనిషి ఒకరోజు "ఎస్సిటలోప్రామ్ 10" అని అడిగి ఒకే మందు ఉన్న జనరిక్ తెచ్చుకుంటే, తనకి తెలియకుండానే క్లోనజెపామ్‌ని ఒక్క రాత్రిలో ఆపేసినట్టే. రెండో రోజు నుంచి వారం లోపు నిద్ర పట్టదు, గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, భరించలేని టెన్షన్. ఎక్కువ మోతాదు, ఎక్కువ కాలం వాడినవాళ్లకి ఫిట్స్ కూడా రావచ్చు.

మీ బంధువు చెప్పిన లక్షణాలు, ఆ "వారం తిరక్కుండా" అన్న మాట, ఇవి రెండూ వినగానే నాకు తట్టింది ఇదే.

నా చేతిమీద జరిగిందన్నది కూడా ఇదే. రాజాంలో పనిచేసే రోజుల్లో చీపురుపల్లి వైపు నుంచి ఒక టైలరు నెలనెలా వచ్చేవాడు, నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. అతను వాడే మాత్ర ఆరోజు స్టాకు లేదు. సాయంత్రం రద్దీ, బస్సు టైమవుతోందని అతని తొందర, నేను పైన పెద్ద అక్షరాలు చూసి అదే మందు వేరే కంపెనీదని ఒక షీటు ఇచ్చేశాను. డాక్టరు రాసిన షెడ్యూల్ హెచ్ మందు (చీటీ ఉంటేనే అమ్మాల్సిన రకం) బదులు ఇంకోటి ఇవ్వకూడదని నిబంధన ఉందని నాకు అప్పటికే తెలుసు, అయినా ఇచ్చాను. ఎనిమిదో రోజు భార్య అతన్ని చేయి పట్టుకుని తీసుకొచ్చింది. నాలుగు రాత్రులుగా నిద్ర లేదు, చేతులు వణుకుతున్నాయి, పండగ బట్టలు ఒప్పుకుని గుడ్డ మీద కత్తెర పెట్టలేకపోతున్నాడు. "కొత్త కంపెనీ మందు పడలేదు బాబూ" అంది ఆమె. నేనూ ఒక్క క్షణం అలాగే అనుకున్నాను. పాత షీటు, కొత్త షీటు పక్కపక్కన పెట్టి వెనక చిన్న అక్షరాలు చదివితే అప్పుడు కనిపించింది, పాతదాంట్లో క్లోనజెపామ్ ఉంది, నేనిచ్చినదాంట్లో లేదు. తప్పు నాదేనని వాళ్లకి చెప్పి, ఆ పూటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పాత మాత్రే మళ్లీ మొదలుపెట్టి, తర్వాత కొన్ని నెలల మీద క్లోనజెపామ్‌ని కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చారు. మనిషి కోలుకున్నాడు. ఆ నాలుగు రాత్రులు మాత్రం నా వల్ల పోయినవి, ఇప్పటికీ నాకు బాధే.

అప్పటి నుంచి మాత్ర పేరు చివర "ప్లస్" అనో "ఫోర్ట్" అనో, రెండు అక్షరాల తోక ఏదైనా ఉందంటే షీటు తిప్పి చదవకుండా ఇవ్వను. ఆ తోకలకి అన్ని కంపెనీలకీ కలిపి ఒక అర్థం లేదు, ఎవరిష్టం వాళ్లది. క్లోనజెపామ్ బదులు అలాంటిదే ఎటిజోలామ్ అనే మందు కలిపేవాళ్లూ ఉన్నారు.

పేర్ల దగ్గర ఇంకో చిక్కు, సిటలోప్రామ్ వేరు, ఎస్సిటలోప్రామ్ వేరు. 10 ఎంజీ ఎస్సిటలోప్రామ్ సుమారుగా 20 ఎంజీ సిటలోప్రామ్‌తో సమానం, ఒకదాని బదులు ఒకటి ఇచ్చుకునేవి కావు. వెన్లాఫాక్సిన్, డెస్‌వెన్లాఫాక్సిన్ అనే డిప్రెషన్ మందులు కూడా అంతే, రెండూ వేరు. ఇక మెల్లగా విడుదలయ్యే మాత్రలు, పేరు పక్కన ఎస్ఆర్, ఎక్స్ఆర్, సీఆర్, ఈఆర్ అని ఉండేవి. వాటి బదులు మామూలు మాత్ర తెచ్చుకోకూడదు.

ఈ రకం మాత్రల విషయంలో జనరిక్‌ని నిజంగానే తప్పుపట్టాల్సి వచ్చిన సందర్భం ఒకటి ఉంది, అది దాచిపెట్టడం నాకిష్టం లేదు. బుప్రోపియాన్ అనే డిప్రెషన్ మందుకి బుడెప్రియాన్ ఎక్స్ఎల్ 300 ఎంజీ అనే జనరిక్‌ని 2006 చివర్లో అమెరికాలో అనుమతించారు. పరీక్ష చేసింది 150 ఎంజీ మాత్ర మీద, 300 కూడా అలాగే ఉంటుందిలే అని ఒప్పుకున్నారు. మారినవాళ్లు తలనొప్పి, నిద్రలేమి, డిప్రెషన్ తిరగబెట్టడం అని ఫిర్యాదులు చేస్తూనే ఉన్నారు. చివరికి 300 మీదే పరీక్ష చేస్తే అసలు మందుతో సమానంగా లేదని తేలింది, 2012లో దాన్ని మార్కెట్ నుంచి తీయించారు. రోగులు చెప్పిందే నిజమైంది. అందుకే ఎవరైనా "మార్చాక తేడాగా ఉంది" అంటే నేను కొట్టిపారేయను, షీట్లు తెమ్మంటాను. మీ అమ్మగారి ఎస్సిటలోప్రామ్ మెల్లగా విడుదలయ్యే రకం కాదు, మామూలు మాత్ర, కాబట్టి ఆమె విషయంలో ఈ భయం అక్కర్లేదు.

రెండో పెద్ద కారణం గ్యాప్. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో రోడ్ల మీద కొబ్బరి చెట్లు పడిపోయి, కరెంటు లేక, షాపులు తెరవక జనం ఎంత అవస్థ పడ్డారో అందరికీ తెలుసు. పలాసలో మా బావకి మందుల షాపు ఉంది. ఆ తర్వాత వారం ఒకావిడ ఆయన షాపుకొచ్చి, తల తిప్పితే లోపల కరెంటు షాకు కొట్టినట్టుంటోంది, వాంతి వచ్చేట్టుంది, కోపం ఆపుకోలేకపోతున్నాను, మీరిచ్చిన కొత్త కంపెనీ మందు నాకు పడలేదు అని గొడవ. ఆమె వాడేది వెన్లాఫాక్సిన్. బావ నాకు ఫోన్ చేస్తే, ఇది ఎప్పుడు మొదలైందో అడుగు అన్నాను. లెక్క చూస్తే కొత్త షీటు కొనకముందే, మందు అయిపోయిన రెండో రోజే మొదలైంది. మందు సడన్‌గా ఆగితే వచ్చే లక్షణాలవి. వెన్లాఫాక్సిన్ ఒంట్లోంచి గంటల్లో వెళ్లిపోతుంది, పారోక్సెటిన్‌ది కూడా తొందరే, అందుకే వీటికి గ్యాప్ అస్సలు పడదు. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్ సగానికి తగ్గడానికి ఒక రోజు పైన పడుతుంది. ఫ్లూఓక్సెటిన్ వారాల తరబడి ఉంటుంది.

షాపు మార్చేటప్పుడు సరిగ్గా ఇలాంటి గ్యాపే వస్తుంది. పాత షీటు అయిపోతుంది, జన ఔషధికి వెళ్తే స్టాకు సోమవారం వస్తుందంటారు, సోమవారం పనిపడుతుంది, అలా నాలుగు రోజులు. అందుకని పాత మాత్రలు కనీసం పది రోజులకి సరిపడా ఉండగానే కొత్తవి తెచ్చి ఇంట్లో పెట్టుకోండి.

తేడా వచ్చినప్పుడు ఎన్నో రోజున వచ్చిందో రాసి పెట్టుకుంటే డాక్టరుకి సగం పని తేలిక. రెండు మూడు రోజుల్లోనే కళ్లు తిరగడం, షాకులు, దడ అంటే మందు ఆగడమో తగ్గడమో అయుంటుంది. డిప్రెషన్ నిజంగా తిరగబెడితే అంత తొందరగా రాదు, వారాల మీద మెల్లగా వస్తుంది. తెల్లవారుజామున మెలకువ వచ్చేయడం, తిండి మీద ఇష్టం పోవడం, పలకరిస్తే ఏడుపు, అలాంటివి.

అమ్మగారికి మాత్ర మార్చే సంగతి ముందే చెప్పండి. ఖర్చు గురించి మాట పడకూడదని కొందరు పిల్లలు పాత డబ్బాలో కొత్త మాత్రలు పోసి పెడతారు, అది వద్దు. మూడేళ్లుగా తనని నిలబెట్టిన మాత్ర రంగు, సైజు మారిపోయిందంటే ఆ మనిషికి గుబులు పుడుతుంది, ఆ గుబులుకే నిద్ర చెడుతుంది. నెల్లిమర్ల నుంచి వచ్చే ఒక పెద్దాయన విషయంలో ఇంకోలా జరిగింది. కొడుకు జనరిక్ తెచ్చి పెట్టాడు, పాత బ్రాండ్ షీటు కూడా అలమరలోనే ఉంది, రంగులు వేరు కాబట్టి రెండూ వేరే మందులనుకుని ఆయన పదిహేను రోజులు రెండూ వేసుకున్నాడు. వికారం, చెమటలు, వణుకు. కొత్తది మొదలుపెట్టిన రోజు పాతవి అమ్మగారి చేతికి అందకుండా తీసి పెట్టండి.

అమ్మగారి వయసుకి ఇంకో మాట. ఈ రకం మాత్రలు ఏ కంపెనీవైనా పెద్దవాళ్లకి ఒంట్లో సోడియం తగ్గించగలవు, బీపీకి నీరు పోయే మాత్ర కూడా వాడుతుంటే ఇంకా ఎక్కువ. ఎప్పుడైనా మత్తుగా, తికమకగా మాట్లాడుతుంటే కొత్త మందు మీద నింద వేసి ఇంట్లో కూర్చోకుండా ముందు సోడియం పరీక్ష చేయించండి.

ఇప్పుడు మార్చకూడని వాళ్లు. మందు మొదలుపెట్టి రెండు నెలలు కానివాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు, చచ్చిపోవాలనే ఆలోచనలు ఈమధ్యే వచ్చినవాళ్లు, మూడ్‌కో ఫిట్స్‌కో ఇచ్చే లిథియం, కార్బమజిపైన్ లాంటివి కలిపి వాడుతున్నవాళ్లు. వీళ్లు డాక్టరు దగ్గరుండి మారిస్తే తప్ప కంపెనీ కూడా మార్చుకోకండి. కిడ్నీ జబ్బున్నవాళ్లు కూడా, మన ఉద్దానంలో వాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు, ప్రతి మార్పూ కిడ్నీ డాక్టరుకి చెప్పాలి.

మీరు చేయాల్సింది ఇది. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు "మందు పేరు జనరిక్‌లో, విడి అక్షరాల్లో రాయండి, జన ఔషధిలో కొనుక్కుంటాం" అని అడగండి. మొహమాటపడకండి, చాలామంది డాక్టర్లు మంచిగానే రాస్తారు. పాత షీటు వెంట తీసుకెళ్లండి. షాపులో కొత్త షీటు తీసుకుని రెండూ పక్కపక్కన పెట్టి మందు పేరు, ఎంజీ, ఎన్ని మందులు కలిసి ఉన్నాయి, పక్కన ఎస్ఆర్ లాంటి అక్షరాలు ఉన్నాయా అని చూడండి. ఆ నెలలో ఇంకే మందూ మార్చకండి, అప్పుడే ఏదైనా తేడా వస్తే దేని వల్లో తెలుస్తుంది. ఒకసారి మారాక వీలైనంతవరకు అదే షాపులో అదే కంపెనీది తీసుకోండి, నెలకో కంపెనీ వద్దు.

షీటు వెనక వైపు ఫోటో ఒకటి ఫోన్‌లో ఉంచుకోండి. ఎచ్చెర్ల వైపు మత్స్యకారుడొకరు ఏటా గుజరాత్‌లోని వెరావల్‌కి వేటకి వెళ్తారు, అక్కడ మన బ్రాండ్ పేరు చెప్తే దొరక్క మొదటి ఏడాది మందు మానేసి తిరిగొచ్చారు. రెండో ఏడాది సెర్ట్రాలిన్ 50 అని ఉన్న ఫోటో చూపిస్తే మొదటి షాపులోనే ఇచ్చారట.

జనరిక్ ఖర్చు కూడా కష్టమైతే శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగానికి వెళ్లండి, విశాఖలో చినవాల్తేరు దగ్గర ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, మందులు ఉచితం. అక్కడ ఒక్కో నెల ఒక్కో కంపెనీది ఇస్తుంటారు కాబట్టి షీటు చదివే అలవాటు ఇంకా అవసరం. మధ్యలో మనసు బాగా దిగజారితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ముందు ఈరోజు అమ్మగారి షీటు తిప్పి చిన్న అక్షరాలు చదవండి. ఎస్సిటలోప్రామ్ ఒక్కటే ఉంటే పైన చెప్పినట్టు చేయండి. క్లోనజెపామ్ అని కూడా ఉంటే ఆ రెండు మందులూ, వాటి ఎంజీలూ కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి, అది ఇంకా అవసరమా, తగ్గించాలా అనేది ఆయన తేల్చాకే జన ఔషధికి వెళ్లండి. వీలైతే మీ బంధువు వాడిన రెండు షీట్లూ కూడా తెప్పించి చూడండి, ఆయన ఇప్పటికీ నిద్ర లేకుండా ఇబ్బంది పడుతుంటే ఆయన్ని కూడా వెంట తీసుకెళ్లండి.